పువ్వులందలి పుప్పొడి తిత్తులు: వాని పేర్లును, పైరులయందు వాని పనియును

(రైతుల యుపయోగార్థము)

1. ఈ పాఠ మెందులకు

పైరు ఏపుగా పెరిగి, పూత నిండుగా వచ్చియు పిందె నిలువకపోవుట రైతులెల్ల రెఱిగిన కష్టమే. మంచి కండెల నేరి దాచుకొన్న మొక్కజొన్న విత్తనమును మరుసటి యేట వేయగా, చేనియందు ఒక్కొక్క మొక్క యొక్కొక్క తీరుగా నుండుటయు పలువురు చూచినదే. ఈ రెండును వేఱువేఱు కీడులని పైకి తోచును. కాని విచారించినచో రెంటికిని మూల మొక్కటియే. అది పువ్వులోని పుప్పొడి. చేరవలసిన చోటికి పుప్పొడి చేరనిచో గింజ పట్టదు. చేరరాని చోటికి చేరినచో విత్తనము చెడును.

పుప్పొడి యెచట పుట్టునో, ఏ వేళ వెలువడునో, దేనిచేత కొనిపోబడునో యెఱిగిన రైతు ఈ రెండు నష్టములను చాలవఱకు తప్పించుకొనగలడు. అందులకు ముందుగా పువ్వు భాగముల పేర్లు తెలిసియుండవలెను. పేరు తెలియని దానిని గూర్చి కూలీలకు చెప్పుట కష్టము. విత్తనపు ఒప్పందములందలి షరతులను గ్రహించుట మఱింత కష్టము. కావున ఈ పాఠమునందు మొదట పేర్లను, పిదప పైరులవారీగా వాని యుపయోగమును వ్రాయుచున్నాము. చదువుచున్నంతసేపు ఒక పువ్వును చేత నుంచుకొనినచో విషయము సులభముగా బోధపడును.

2. పువ్వు భాగములు

తంగేటి పువ్వు నొకదానిని కోసి అరచేత నుంచుకొని, వెలుపలినుండి లోపలికి వరుసగా చూడుడు.

అన్నిటికంటె వెలుపల 5 చిన్న ఱేకులు కలవు. మొగ్గగా నున్నప్పుడు లోపలి భాగములను కాపాడునవి ఇవియే. వీనిని రక్షక పత్రము లందురు. వానికి లోపల పసుపువన్నె గల 5 పెద్ద ఱేకులు కలవు. పురుగులను, తేనెటీగలను పిలుచుట వీని పని. కావున వీనికి ఆకర్షణ పత్రములని పేరు.

ఈ ఱేకుల నడుమ 10 కాడలు నిలిచియుండును. ఇవియే కేసరములు. వెనుకటి పుస్తకములలో వీనిని కింజల్కములనియు వ్రాసియున్నారు. ఒక పువ్వునందలి కేసరముల సముదాయమునకు కేసరావళి యని పేరు. ఇది పువ్వునందు మగభాగము.

నట్టనడుమ పచ్చగా, వంపు తిరిగి, చిన్న కాయవలె నున్నది అండకోశము. ఇది ఆడభాగము. దీని అడుగున గింజల కాధారమైన అండములను దాల్చిన భాగము అండాశయము. దానిపై నున్న సన్నని కాడ కీలము. కాడ చివర కీలాగ్రము. పుప్పొడి చేరవలసిన చోటు ఈ కీలాగ్రమే. అండములు గింజలగును, అండాశయము కాయ యగును.

3. కేసరము

ఒక కేసరమును సూదితో వేఱుచేసి చూచినచో రెండు భాగములు కనబడును. క్రింది సన్నని కాడకు కేసరదండ మని పేరు. దానిపై నున్న తిత్తికి పుప్పొడి తిత్తి యనియు, శాస్త్రగ్రంథములయందు పరాగకోశ మనియు పేళ్లు. తిత్తిలోని పొడియే పుప్పొడి, లేక పరాగము. వరి, జొన్న మొదలగు ధాన్యముల వెన్నులపైని, కంకులపైని వ్రేలాడుచు కనబడు తిత్తులను, పొడిని కలిపి రైతులు సుంకు అందురు. సుంకు వేఱు, పుప్పొడి వేఱు కాదని గ్రహింపవలెను.

సాధారణముగా ఒక్కొక్క తిత్తికి రెండు తమ్మెలును, వానియందు నాలుగు గదులును ఉండును. పుప్పొడి ఈ గదులలో పండును. పండిన పిమ్మట తిత్తి విచ్చుకొనును. మిరప, ఆవ మొదలగువానియందు తిత్తి నిలువుగా చీలును. తంగేడు, వంగలయందు తిత్తి చివర చిన్న రంధ్రము మాత్రమే యేర్పడును. అట్టి తిత్తినుండి పుప్పొడి యూరక రాలదు. పెద్ద తుమ్మెదలు పువ్వును పట్టుకొని ఝుమ్మని ఱెక్కల కండరములను అదరించినప్పుడు ఆ యదురునకు పొడి వెలికి వచ్చును. వంగతోటలో తుమ్మెదల రొద వినబడుట మేలునకే యని తెలిసికొనవలెను.

కొన్ని పువ్వులలో కేసరమునకు కాడ యున్నను తిత్తిలో మంచి పుప్పొడి యుండదు. అట్టివానిని వంధ్య కేసరము లందురు. తంగేటిపువ్వునందు పైభాగమున నున్న 3 కేసరములు పొట్టివై యట్టివే యగును. మామిడి పువ్వునందు సాధారణముగా 5 కేసరము లుండగా, పుప్పొడి నిచ్చునది తఱచుగా ఒక్కటియే; తక్కినవి వంధ్యములు. మామిడి పూగుత్తియందు వేలకొలది పువ్వులుండియు కొలదికాయలే నిలుచుటకు ఇదియు నొక కారణము. వేఱొక కారణము, ఆ గుత్తిలో పెక్కు పువ్వులు అండాశయము లేని మగపూవు లగుటయే.

పుప్పొడి కీలాగ్రమును చేరుటను పరాగ సంపర్క మందురు. అట్లు చేరిన రేణువునుండి సన్నని గొట్టము మొలిచి కీలముగుండ దిగి అండమును చేరును. అప్పుడు జరుగు సంయోగమును ఫలదీకరణ మందురు. అది జరిగిన పిమ్మటనే అండము గింజగా మారును. తన పువ్వు పుప్పొడియో, తన మొక్క పుప్పొడియో చేరుట స్వపరాగ సంపర్కము. వేఱొక మొక్క పుప్పొడి చేరుట పరపరాగ సంపర్కము.

4. ఈ సంగతి యెట్లు తెలిసినది

కేసరములు మగభాగములని నిరూపించిన పరీక్షలలో ఒకటి మన రైతులకు మిక్కిలి పరిచయమైన ఆముదపు మొక్కపై జరిగినది. జర్మనీ దేశమందలి ట్యూబింగెన్ పట్టణమున రుడాల్ఫ్ యాకోబ్ కమెరారియస్ అను పండితుడు ఆముదపు గెలనుండి మగపూవులను వాని తిత్తులు విచ్చకమునుపే త్రుంచివేసెను. ఆడపూవులు నిలిచియున్నను వానియందు మంచి గింజలు పట్టలేదు. మొక్కజొన్నయందు పీచును కత్తిరింపగా గింజలు లేకపోయెను. ఈ పరీక్షలను ఆయన 1694వ సంవత్సరమున ప్రకటించెను.

పిదప 1735లో స్వీడను దేశస్థుడగు లిన్నేయస్, కేసరముల లెక్క, పొడుగు, కూర్పు ముఖ్యాధారములుగా మొక్కలను 24 తరగతులుగా విభజించెను. ఆ విభజన నేడు వాడుకలో లేదు. కాని కేసరముల కూర్పును దెలుపు పేర్లు మాత్రము నిలిచినవి. అవి రైతున కేల యుపయోగించునో క్రింద చూపుచున్నాము.

5. కేసరముల కూర్పు: పైరులవారీగా

ప్రత్తి, బెండ, మందార: ఈ జాతులలో కేసరములు పెక్కులు. వాని కాడలన్నియు కలిసి ఒక గొట్టమై కీలమును చుట్టుకొని యుండును. తిత్తులు ఆ గొట్టముపై గుత్తులుగా నుండును. ఇట్టి కూర్పును ఏకబంధక మందురు. తక్కిన పువ్వులకు భిన్నముగా, ఇచట తిత్తి కొక్కటే తమ్మె. గొట్టమును మొదట చీల్చి లాగినచో తిత్తులన్నియు ఒక్కసారిగా వచ్చివేయును. సంకర ప్రత్తి విత్తనపు పని యంతయు ఈ యొక్క సంగతిపై నాధారపడియున్నది.

కంది, శనగ, పెసర, మినుము: 10 కేసరములలో 9 కాడలు ఒక తొడుగుగా కలిసి, పదియవది విడిగా నుండును. ఇది ద్విబంధకము. ఈ పువ్వులందు కేసరములు, కీలము పడవవంటి ఱేకులలో దాగియుండును. శనగయందు మొగ్గలోనే తిత్తులు విచ్చి పని ముగియును. కావున శనగ విత్తనము సులభముగా కల్తీ కాదు. కందియందును తిత్తులు మొగ్గలోనే విచ్చును. అయినను తేనెటీగలు ఱేకుల నణచి లోనికి దూరుటచే పరాయి పుప్పొడి చాలవఱకు చేరును. ఒకే కూర్పు గల పువ్వులైనను కందికి జాగ్రత్త యెక్కువ కావలెను.

ఆముదము: కేసరముల కాడలు చెట్టుకొమ్మలవలె చీలి, ఒక్కొక్క చీలికపై తిత్తి యుండును. ఇది బహుబంధకము. పుప్పొడి విస్తారముగా నుండి గాలికి దూరము పోవును.

పొద్దుతిరుగుడు: మన మొక పువ్వని పిలుచునది వందలకొలది చిన్నపువ్వుల సమూహము. ఒక్కొక్క చిన్నపువ్వునందు 5 కేసరముల కాడలు విడిగా నుండి, తిత్తులు మాత్రము అంటుకొని గొట్టమగును. కీలము ఆ గొట్టముగుండ పైకి వచ్చుచు పుప్పొడిని బయటికి నెట్టును. తేనెటీగలు తక్కువైనచోట తాలుగింజలు హెచ్చును.

నువ్వు, ఆవ: నువ్వునందు 4 కేసరములు, రెండు పొడవు, రెండు పొట్టి. ఆవయందు 6, నాలుగు పొడవు, రెండు పొట్టి.

వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న: వరియందు 6, తక్కిన మూటియందు ఒక్కొక్క పువ్వున 3 కేసరములు. కాడలు దారమువలె సన్నమైనవి. తిత్తి కాడకొనపై ఊగుచు గాలికి పొడిని విడుచును. వరి పువ్వు విచ్చుకొన్న వేళకే పుప్పొడి తన కీలాగ్రముపై పడును. వెలువడిన రేణువు కొన్ని నిమిషములకంటె జీవించదు. కావున వరి విత్తనము పరపరాగముచేత చెడుట స్వల్పము. ఒక్క మడిలో కేళీలు కనబడినచో దానికి తఱచుగా కారణము నూర్పిడి కల్లమున గింజలు కలియుటయే గాని గాలి కాదు.

6. ఏకలింగ పుష్పములు: మగపూవులను త్రుంపరాదు

పై పైరులలో పెక్కింటికి ఒకే పువ్వునందు కేసరములు, అండకోశము రెండును ఉండును. వానిని ద్విలింగ పుష్పము లందురు. ఆముదము, మొక్కజొన్న మున్నగువానియందు ఒక పువ్వున కేసరములు మాత్రమే, మఱియొక పువ్వున అండకోశము మాత్రమే యుండును. ఇవి ఏకలింగ పుష్పములు. ఈ భేద మెఱుగనిచో చేజేతుల నష్టము తెచ్చుకొందుము.

బీర, ఆనప, గుమ్మడి, దోస, కాకర: తీగకు మొదట వచ్చు పూవు లధికముగా మగపూవులే. పువ్వు క్రింద చిన్నపిందె యున్నచో ఆడపువ్వు, లేనిచో మగపువ్వు. మగపూవులు కాయనీయవు గనుక గొడ్డుపూవులని త్రుంచివేయుట పొరపాటు. అవి లేనిచో ఆడపూవుల పిందెలు పసుపెక్కి రాలిపోవును. గుమ్మడి, దోస, కాకర పూవులు ఉదయమునను, బీర, ఆనప పూవులు సాయంకాలమునను విచ్చును. పురుగులు తిరుగని ముసురు దినములలో, అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, ఱేకులు తీసి, తిత్తులను ఆడపువ్వు కీలాగ్రముపై మెల్లగా రాచినచో పిందె నిలుచును. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూవులకు చాలును.

మొక్కజొన్న: మొక్క తలపైని జల్లు మగపూతయు, కండెకు వచ్చు పీచు ఆడపూతయు నగును. పీచులోని ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజ కీలము. ఏ పోగునకు పుప్పొడి అందదో ఆ గింజ పట్టదు. కండెపై పండ్లూడిన నోరువలె సందులుండుటకు కారణ మిదియే. పశువుల మేతకై జల్లులను త్రుంచువారు పీచు ఎండి గోధుమవన్నె కాకముందు త్రుంపరాదు. పీచు వచ్చు దినములలో నీటి యెద్దడి కలిగినచో పీచు ఆలస్యముగా వచ్చి, అప్పటికి సుంకు ముగిసిపోవును. కావున ఆ దినములలో తడి తప్పక ఇయ్యవలెను.

ఆముదము: గెల క్రిందిభాగమున మగపూవులు, పైభాగమున ఆడపూవులు. ఎండ మిక్కుటమైనప్పుడు మగపూవులు హెచ్చి కాయలు తగ్గును. కావున పూతకాలము తీవ్రమైన యెండలలో పడకుండ అదను చూచి విత్తుట మేలు.

బొప్పాయి, తాడి: వీనియందు మగచెట్టు వేఱు, ఆడచెట్టు వేఱు. పోతుతాటికి కాయ లేదనుట అందఱెఱిగినదే. బొప్పాయితోటయందు పొడవుగా వ్రేలాడు పూగుత్తులు గలది మగచెట్టు. ఆడ, మగ వేఱుగా నుండు రకములలో 10 మొదలు 15 ఆడచెట్లకు ఒక మగచెట్టును తప్పక ఉంచవలెను. కూర్గు హనీడ్యూ, రెడ్ లేడీ వంటి రకములలో ద్విలింగ పుష్పములు గల చెట్లుండును గనుక వేఱుగా మగచెట్ల నుంచ నక్కఱలేదు.

7. కాలభేదము

ఒకే పువ్వునందు రెండు భాగములు నున్నను, రెండును ఒక్కవేళ సిద్ధము కాకపోవచ్చును. తెలంగాణమున ప్రసిద్ధమైన సీతాఫలము ఇందులకు మంచి నిదర్శనము. పువ్వునందు మూడు దళసరి ఱేకుల అడుగున, నడుమ కుప్పగా అండకోశములు, చుట్టును లెక్కకు మిక్కిలి కేసరములు కలవు. కీలాగ్రములు ముందుగా జిగురెక్కి సిద్ధమగును. తిత్తులు విచ్చువేళకు వాని జిగురు ఎండిపోవును. ఒక పువ్వు పుప్పొడి ఆ పువ్వునకే పనికిరాదు. చిన్న పెంకుపురుగులు ఒక పువ్వునుండి మఱియొక పువ్వునకు పోయినప్పుడే కాయ కట్టును. బాలానగరు రకపు తోటలు వేసినవారు, ఉదయమున పూర్తిగా విచ్చి పుప్పొడి రాల్చు పూవులనుండి పొడిని కాగితముపై దులిపి, సగము విచ్చిన పూవుల లోపల మెత్తని కుంచెతో నద్దినచో కాయల సంఖ్యయు, ఆకారమును మెఱుగగును. ఒక ప్రక్క మాత్రమే పుప్పొడి చేరిన కాయ వంకరగా పెరుగును.

సజ్జయందును కీలాగ్రములు ముందు వెలువడి తిత్తులు వెనుక వెలువడును. కావున సజ్జ సహజముగా పరపరాగ సంపర్కము గల పైరు. మొక్కజొన్నయందు దీనికి విపర్యయముగా సుంకు ముందు, పీచు వెనుక.

8. సొంతవిత్తనము దాచుకొనువారికి

ఇంతవఱకు చెప్పినది గింజ పట్టుటకు సంబంధించినది. ఇక విత్తనము చెడకుండుటకు వలసినది.

వరి, వేరుశనగ, శనగలయందు తన పుప్పొడియే తనకు చేరును గనుక రైతు తన విత్తనమును తాను కొన్నియేండ్లు నిర్భయముగా దాచుకొనవచ్చును. కేళీలను పూతకు ముందును, కోతకు ముందును ఏరివేసి, నూర్పిడియందు వేఱు గింజ కలియకుండ చూచుకొన్న చాలును. మొక్కజొన్న, సజ్జ, పొద్దుతిరుగుడు, ఆముదము, కంది, ప్రత్తి, మిరప, తీగపాదులయందు అట్లు కాదు. పొరుగుచేని పుప్పొడి గాలిచేతనో తేనెటీగలచేతనో వచ్చును. జొన్న ఈ రెండు తెగల నడిమిది. అధికభాగము స్వపరాగమైనను కొంత పరపరాగము తప్పదు.

భారతదేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణములయందు ఈ భేదమును బట్టియే వేర్పాటు దూరము నిర్ణయింపబడినది. ధ్రువీకృత విత్తనమునకు సాధారణ రకములలో వరికిని వేరుశనగకును 3 మీటర్లు, ప్రత్తికి 30, జొన్నకు 100, మొక్కజొన్నకును పొద్దుతిరుగుడుకును 200 మీటర్ల దూరము అదే పైరు వేఱు రకపు చేనినుండి విడువవలెను. సంకర విత్తనమునకు కొన్ని పైరులలో ఇంతకంటె నెక్కువ కావలెను.

అంత భూమి విడువలేని రైతునకు రెండుపాయములు కలవు. మొదటిది, పొరుగుచేని పూతయు తన చేని పూతయు ఒక్కసారి రాకుండ ముందువెనుకలుగా విత్తుట. రెండవది, చేని నడుమ నుండి మాత్రమే విత్తనపు కంకుల నేరుట. గట్లవెంబడి మొక్కలకు పరాయి పుప్పొడి యెక్కువగా తగులును. తీగపాదులయందు, మరునాడు విచ్చునట్టి ఆడ, మగ మొగ్గలను సాయంకాలమున గుర్తించి కొనలను దారముతో కట్టవలెను. ఉదయమున విప్పి, మగపువ్వు తిత్తులను కీలాగ్రముపై రాచి, ఆడపువ్వును మరల కట్టి, ఆ కాడకు గుర్తు కట్టవలెను. సాయంకాలము విచ్చు బీర, ఆనపలకు ఈ పని మధ్యాహ్నము మొదలిడవలెను. ఒకటి రెండు కాయలు ఇట్లు చేసినచో ఇంటికి వలసిన శుద్ధవిత్తనము దొరకును.

9. సంకర విత్తనపు చేలు

రెండు మేలురకముల కలయికచే వచ్చు మొదటి తరపు బలమును వినియోగించుటయే సంకర విత్తనము. ఆడవరుస మొక్కకు తన పుప్పొడి చేరకుండ చేయుట ఇందు ముఖ్యము. దీనికి రెండు మార్గములు.

మొదటిది, కేసరములను చేతితో తీసివేయుట. దీనిని విపుంసీకరణ మందురు. వాణిజ్యముగా ప్రపంచమున మొదటిదైన సంకర ప్రత్తి హెచ్-4, 1970లో గుజరాతునందలి సూరతు పరిశోధన కేంద్రమునుండి సి. టి. పటేలుగారి కృషిచే వెలువడినది. పూర్వము హైదరాబాదు రాజ్యమునకు లోబడిన సంస్థానమై యుండిన గద్వాల ప్రాంతము నేడు సంకర ప్రత్తి విత్తనమునకు పేరుగన్నది. అచట పని జరుగు రీతి యిది: మరునాడు విచ్చు మొగ్గను మధ్యాహ్నము మూడుగంటలు మొదలు సాయంకాలములోగా గుర్తించి, బొటనవ్రేలి గోటితో మొదట చుట్టును గీచి, ఱేకులను కేసరపు గొట్టమును కలిపి యొక్కసారిగా తీసివేయుదురు. కీలమునకును అండాశయమునకును గాయము కాకూడదు. ఒక్క తిత్తియు మిగులకూడదు. మొగ్గపై ఎఱ్ఱకాగితపు సంచి తొడుగుదురు. మరునాటి ఉదయము మగరకపు పువ్వును తెచ్చి కీలాగ్రము చుట్టును పుప్పొడి నంటింతురు. ఒక మగపువ్వు నాలుగైదు మొగ్గలకు సరిపోవును.

ఒక్క తిత్తి మిగిలినను ఆ కాయలో సొంతగింజలు పడును. అట్టి గింజలు కలసినచో పరీక్షయందు సరకు తప్పి, రైతునకు సంవత్సరపు పెట్టుబడి పోవును. కావున పట్టాదారు తాను పొలమున నుండి సాయంకాలము మొగ్గలను తనిఖీ చేయవలెను. బాలబాలికల వ్రేళ్లు సన్నమని వారిని ఈ పనికి పెట్టుట పూర్వ మెక్కువగా నుండినది. 14 ఏండ్లలోపు వారిని పనికి పెట్టుట 2016నాటి చట్టసవరణచే నిషిద్ధము. బడికి పోవలసిన బిడ్డను చేనికి తెచ్చుట చట్టవిరుద్ధమే కాక అన్యాయమును.

రెండవ మార్గము, పుట్టుకతోనే పుప్పొడి వంధ్యమైన రకమును ఆడవరుసగా వేయుట. వీనియందు తిత్తులు సన్నగా, పాలిపోయి యుండి పనికివచ్చు పొడి నీయవు. జొన్నయందు ఇట్టి రకమును 1954లో అమెరికాలో స్టీఫెన్సు, హాలండు అను వారు ప్రకటించిరి. మనదేశమున 1964లో సి.ఎస్.హెచ్.-1 అను సంకర జొన్న వెలువడినది. మార్టేరునుండి ఏ.పి.హెచ్.ఆర్.-1, ఏ.పి.హెచ్.ఆర్.-2 అను సంకర వరి రకములు 1994లో విడుదలైనవి. పటాన్‌చెరువునందలి ఇక్రిశాటు సంస్థవారి సంకర కంది ఐ.సి.పి.హెచ్. 2671, 2010లో వచ్చినది.

కరీంనగరు, వరంగల్లు ప్రాంతములలో సంకర వరి విత్తనము పండించు రైతులు పువ్వులు విచ్చు వేళ, అనగా ఉదయము పదిగంటల ప్రాంతమున, మగవరుసలపై తాడు లాగుటయో, కఱ్ఱతో వంచుటయో చేయుదురు. ఏలయనగా వరి పుప్పొడి కొన్ని నిమిషములే జీవించును. ఆ కొలది వ్యవధిలో ఆడవరుసను చేరవలెను. ఆడవరుసలలో నిండుగా పసుపుపచ్చని తిత్తులు గల మొక్క కనబడినచో అది కల్తీ, తక్షణమే పెఱికివేయవలెను.

సంకర పైరునుండి వచ్చిన గింజలను మరల విత్తనముగా దాచరాదు. రెండవ తరమున గుణములు చీలిపోయి చేను చెదరును.

10. పుప్పొడికి హాని చేయునవి

మందులు: పువ్వులు విచ్చి తేనెటీగలు తిరుగు వేళ పురుగుమందు చల్లినచో అవి చచ్చును, పిందెలు తగ్గును. తప్పనిసరి యైనచో సాయంకాలము పొద్దుగూకువేళ, పూతకు హాని తక్కువైన మందును మాత్రమే చల్లవలెను. పూత నిండుగానున్న మామిడి, పొద్దుతిరుగుడు, దోసపాదులయందు ఈ నియమము మఱింత ముఖ్యము. మామిడి పుప్పొడిని మోయునవి ముఖ్యముగా ఈగజాతి పురుగులు. వానిని పనికిమాలినవని చంపరాదు.

ఎండ: వరి పూతవేళ ఉష్ణము 35 డిగ్రీల సెంటిగ్రేడును మించినచో తిత్తులు సరిగా విచ్చక తాలు హెచ్చును. దాళ్వా వరిని ఆలస్యముగా నాటినచో పూత ఎండలలో పడును. నాటు అదను తప్పింపకుండుటయే దీనికి మందు.

వాన: పూతవేళ ఉదయపు వాన పొడిని తడిపి ముద్దచేయును. దీని నాప మనతరము కాదు. అయినను ఒకే దినమున పూతకు వచ్చునట్లు చేనంతయు ఒకే రకము వేయక, కొంత ముందు, కొంత వెనుక పూచు రకములు వేసినవారి నష్టము తగ్గును.

11. జ్ఞాపక ముంచుకొనవలసినవి

(1) కేసరమనగా కాడయు, తిత్తియు; తిత్తిలోనిది పుప్పొడి. అది చేరవలసినది కీలాగ్రము.

(2) పిందె లేని పువ్వు గొడ్డుపువ్వు కాదు, మగపువ్వు. దానిని త్రుంపరాదు.

(3) మొక్కజొన్న పీచు ఎండకముందు జల్లు కోయరాదు. పీచు వచ్చునప్పుడు తడి తప్పింపరాదు.

(4) ఆడ, మగ వేఱైన బొప్పాయితోటలో మగచెట్ల నన్నిటిని నఱుకరాదు.

(5) వరి, వేరుశనగ, శనగ విత్తనమునకు కల్లమున జాగ్రత్త. మొక్కజొన్న, సజ్జ, పొద్దుతిరుగుడు, కంది, ప్రత్తి విత్తనమునకు పొలమునందే జాగ్రత్త.

(6) సంకర విత్తనపు చేనిలో ఆడవరుసన ఒక్క మంచి తిత్తియు మిగులనీయరాదు.

(7) పువ్వు విచ్చు వేళ పురుగుమందు చల్లరాదు.

ఈ పాఠమును చదివినవారు రేపటి ఉదయము తమ చేనిలోని ఒక్క పువ్వును కోసి, నల్లగుడ్డపై దులిపి చూడవలెనని కోరుచున్నాము. గుడ్డపై పసుపుపొడి పడినచో తిత్తులు విచ్చినవి. పడనిచో ఇంకను వేళ కాలేదు. ఈ చిన్నపరీక్షను వారము దినములు వేర్వేఱు వేళల చేసినచో, తన పైరు ఏ గడియను పుప్పొడి విడుచునో రైతునకు స్వయముగా తెలియును. మందు చల్లు వేళయు, చేతితో పుప్పొడి నంటించు వేళయు, విత్తనపు మొక్కను కాపాడు వేళయు దానినిబట్టియే నిర్ణయించుకొనవలెను.